తిరిగి అడిగిన తోడు

పావని చేతిలో కాఫీ గ్లాసు వణకడం హైమవతి చూసింది. చూసి, చూడనట్టు ఊరుకుంది.

ఆదివారం పొద్దున్న సత్యవేణి గారి వరండాలో ముగ్గురూ కూర్చుని ఉన్నారు. పావని ఆవిడకి ఒక్కగానొక్క కూతురు. పురిటికి పుట్టింటికి వచ్చి నెల దాటింది. కాఫీ ఒలికి చీర మీద పడితే పావని నవ్వేసి, ఈ మధ్య తన చేతులు తన మాట వినడం లేదని, ఏం తిన్నా నోట్లో రూపాయి బిళ్ళ చప్పరిస్తున్నట్టుంటోందని చెప్పింది. నిద్ర చాలకపోవడం వల్లనేనని డాక్టరమ్మ కాల్షియం మాత్రలు రాసిచ్చిందట. సత్యవేణి కొంగుతో కూతురి చీర తుడుస్తూ, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవన్నీ మామూలేనని తనకు తానే ధైర్యం చెప్పుకున్నట్టు అంది.

"నిన్న ముగ్గు పెట్టబోతే గీతంతా వంకరపోయిందక్కా," అంది పావని. "పని తప్పించుకోడానికి నాటకాలాడుతున్నానంటుంది మా అమ్మ."

హైమవతి నవ్వింది. ఆ నవ్వు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వేళ్ళ వణుకు, నోట్లో లోహం రుచి రెండూ ఒకే మనిషిలో కనిపిస్తే అది ఏ విషమో ఆ వీధి మొత్తానికి ఆమె ఒక్కతికే తెలుసు. ఆ ఇంట్లోకి ఆ విషం ఏ దారిన వచ్చిందో కూడా తెలుసు. కాఫీ బాగుందని చెప్పి, గ్లాసు కింద పెట్టి, ఇంట్లో పని ఉందని లేచి వచ్చేసింది.

పాడైన బ్యాటరీ సెల్లులు, పగిలిన ట్యూబులైట్లు, గడువు తీరిన మందులు, బొద్దింకల మందు, అడుగున ఎండిపోయిన రంగు డబ్బాలు, ఇవేవీ చెత్తబండిలో వేయనివ్వని రోజులవి. బండివాళ్ళు తీసుకోకపోతే జనం ఏం చేస్తారు? సంచిలో మూటకట్టి ఉప్పుటేరు గట్టున విసిరేసి వచ్చేవారు. కొందరు పెరట్లో పాతిపెట్టి, ఆ పక్కనే ఆనపపాదు వేసేవారు. కాకినాడలో మూతపడిన ఒక బియ్యం మిల్లు మేడ మీద, రెండు గదుల ప్రయోగశాలలో హైమవతి, ఆమె పైఅధికారి ఫణీంద్ర ఏళ్ళ తరబడి ఈ సంగతి మీదే పనిచేశారు. చివరికి ఒక జీవిని పెంచగలిగారు. విడిగా కంటికి కనిపించదు. గుంపుగా చేరితే మాత్రం తాటిముంజెలా వణికే బూడిదరంగు ముద్ద. మూత ఉన్న జాడీలో ఉంచి, ఇంట్లోని విషపు చెత్త ఏదైనా అందులో వేస్తే, లోపలి పాదరసాన్నీ సీసాన్నీ లాగేసుకునేది. ఆ తరవాత వాటిని కదలకుండా బిగించి నల్లటి రవ్వలా అడుక్కి దించేది. ఏడాదికోసారి బండి వచ్చి ఆ రవ్వ పట్టుకుపోతే చాలు. కాగితాల మీద దాని పేరు విషబంధిని. వీధిలో ఆడవాళ్ళు మాత్రం ముద్ద అనేవారు.

ప్రయోగానికి ఎంచుకున్న కొద్ది ఇళ్ళలో హైమవతి ఇల్లు ఒకటి. ఆ ఇంట్లో తల్లీ కూతుళ్ళు ఇద్దరే. జాడీ తెచ్చిన రోజున హైమవతి తల్లితో ఇది ఎవరికీ ఇవ్వకూడదని చెప్పింది. ఎందుకు ఇవ్వకూడదో చెప్పలేదు. నిజానికి అప్పటికి ఆమెకూ కారణం తెలియదు. ఫణీంద్ర గారు పెట్టిన నియమం, అంతే.

తల్లి మాణిక్యాంబకి ఇవ్వకపోవడం చేతకాదు. ఆ వీధిలో ఏ ఇంట్లో పెరుగు గడ్డగా తోడుకున్నా దాని మూలం ఆవిడ వంటింట్లో ఉండేది. కొత్తగా ఎవరు అద్దెకి దిగినా మొదటి రోజున గిన్నె పట్టుకుని ఆవిడ దగ్గరికే వచ్చేవారు. బదిలీ మీద ఊరు విడిచి వెళ్ళేవాళ్ళకి, సామానంతా లారీ ఎక్కాక, చిన్న డబ్బాలో తోడు పోసి మూత బిగించి ఇచ్చేది. ఆ లారీ మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడేది.

ముద్ద సంగతి వీధిలో తెలిశాక, జాడీ రాని ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అడగడం మొదలుపెట్టారు. మాణిక్యాంబ కూతురి మాట పూర్తిగా కాదనలేదు. అసలు జాడీలోంచి ఒక్క గరిటెడు మాత్రం తీసి చిన్న కుండలో వేసింది. తోడుకి పాలు పోసినట్టుగా దానికి గోరువెచ్చని గంజి పోసి, పళ్ళెం మూసి పొయ్యిగట్టు మీద పెట్టింది. తెల్లారేసరికి కుండ నిండింది. ఇక ఏ రోజుకారోజు కొంత ఉంచుకుని, మళ్ళీ గంజి పోసి, మిగతాది అడిగినవాళ్ళకి ఇచ్చేది. నిన్నటి దానితో ఇవాళ్టిది, ఇవాళ్టి దానితో రేపటిది.

ఒకరోజు పొద్దున్నే సత్యవేణి స్టీలు గిన్నె తెచ్చుకున్నప్పుడు హైమవతి వంటింటి గుమ్మంలోనే ఉంది. చనిపోయిన భర్త నడిపిన ఎలక్ట్రికల్ షాపులోని పాత సరుకంతా సత్యవేణి ఇంటి వెనకగదిలో పడి ఉంది. ఎన్నో ట్యూబులైట్లు, కొన్ని పగిలినవి, కొన్ని పగలబోయేవి. కూతురు పురిటికి వచ్చేలోగా ఆ గది ఖాళీ చేయాలి, అదీ ఆవిడ ఆరాటం.

"మీ అమ్మాయి పుణ్యమా అని ఆ దరిద్రం వదులుతుంది అక్కయ్యగారూ," అంది సత్యవేణి గిన్నె అందుకుంటూ.

మాణిక్యాంబ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి హైమవతికి తల్లిని ఆపాలనిపించలేదు. ఇంకో నిజం ఏమిటంటే, ఆ మాట ఆమెకి కూడా తియ్యగా ఉంది. చిన్నప్పుడు ఇంట్లో థర్మామీటరు పగిలితే, తల్లి ఆ పాదరసం చుక్కలు కాగితంతో పోగుచేసి, కుంకుమ భరిణెలో వేసి వీధిలో పిల్లలందరికీ ఆడుకోడానికి ఇచ్చింది. అలాంటి ఇంట్లోంచే ఈ మందు పుట్టింది కదా అనుకుని, టిఫిను బాక్సు తీసుకుని ఉద్యోగానికి వెళ్ళిపోయింది.

తల్లి పద్ధతి ఆమె మనసులో మెదులుతూనే ఉంది. గంజితో ఇంత సులువుగా పెరిగేటట్టయితే రాష్ట్రమంతటికీ జాడీలు చౌకగా తయారుచేయవచ్చు. ఆ మాట ఫణీంద్ర గారికి తానే ముందు చెప్పాలని ప్రయోగశాలలో గంజి కాచింది. తల్లి చేసినట్టే ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి తోడు వేస్తూ వెళ్ళింది. ప్రతి సీసాలోనూ ఒకే కొలత పాదరసం చుక్కలు వేసి, మూతి దగ్గర ఆవిరి కొలిచే మీటరు పెట్టి చూసింది. మొదటి సీసా మీద మీటరు కదల్లేదు. రెండోదాని మీదా కదల్లేదు. మూడో తోడుకి అంకె పైకి లేచింది. నాలుగో తోడుకి మీటరు కూత పెట్టింది.

కారణం ఆ సాయంత్రానికే అర్థమైంది. విషాన్ని లాగడం ఆ జీవికి పుట్టుకతో వచ్చిన పని. లాగినదాన్ని బిగించి ఉంచడం మనుషులు దాని నెత్తిన పెట్టిన అదనపు చాకిరీ. కడుపు నిండా గంజి దొరికితే ఆ చాకిరీ ఎందుకని వదిలేస్తోంది. చెత్తలో గాజు వెనక, రేకు వెనక నిద్రపోతున్న పాదరసాన్ని బయటికి లాగి, బంధించకుండా గాలిలోకి వదిలేస్తోంది. చూడ్డానికి ముద్ద అలాగే ఉంటుంది, చెత్తని అలాగే తింటుంది. వాసన కూడా రాదు.

ఫణీంద్ర మంచి మనిషి, తొందరపాటు లేనివాడు. ఒక్కో సీసా మీదా మీటరు తానే మళ్ళీ పెట్టి చూసుకున్నాడు. జాడీలను అన్ని జిల్లాలకూ పంచాలా వద్దా అని తేల్చే సమావేశం వచ్చే నెలలో ఉంది. అసలు జాడీలకి ఈ జబ్బు లేదు కాబట్టి, గంజి పోయకూడదని హెచ్చరిక రాస్తే సరిపోతుందని ఆయన అభిప్రాయం. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి ఒక్కటే అడిగాడు.

"ఇలా గంజితో పెంచింది బయట ఎక్కడా లేదు కదా హైమవతి గారూ?"

"లేదండి," అంది హైమవతి.

అంత చిన్న మాట. ఉందంటే తల్లి పేరు చెప్పాలి. నియమం తప్పింది తన ఇంట్లోనేనని, అది తన కళ్ళ ఎదుటే జరిగిందని చెప్పాలి. ఇంటికి వచ్చి, ఇక ఎవరికీ ఇవ్వద్దు, ఆఫీసులో ఒప్పుకోవడం లేదని తల్లితో అంది. మాణిక్యాంబ ముఖం చిన్నబుచ్చుకుని, ఆఫీసువాళ్ళది ఎంత పిసినారితనమో అనుకుంటూ చిన్నకుండ కడిగేసింది. అంతకుముందే ఇచ్చేసినవాటి గురించి హైమవతి తల్లిని ఏమీ అడగలేదు. ఒక్కో ఇంట్లో నాలుగు సెల్లులు, రెండు మాత్రల అట్టలు ఉంటాయి, వాటితో ఏమవుతుందిలే అనుకుంది. సత్యవేణి వెనకగది గుర్తుకు వచ్చినప్పుడల్లా ఇంకేదో పని కల్పించుకునేది.

కాఫీ ఒలికిన మర్నాడు ఆమె ప్రయోగశాలనుంచి ఒక అసలు జాడీ తెచ్చుకుని, చేతిసంచిలో మీటరు పెట్టుకుని సత్యవేణి ఇంటికి వెళ్ళింది. గది చూస్తానంది. సత్యవేణి మురిసిపోతూ వెనకగది తలుపు తీసింది. గోడలకి కొత్త సున్నం, ఉయ్యాల కోసం దూలానికి వేసిన కొక్కేలు, మంచం చుట్టూ దోమతెర. దోమలొస్తాయని కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. మంచం మీద పావని పక్కకి తిరిగి పడుకుని నిద్రపోతోంది. మంచం కిందే, గిన్నెలో తెచ్చుకున్న ముద్ద పోసిన జాడీ.

"ట్యూబులైట్లన్నీ మీ ముద్దే తినేసిందమ్మా," అంది సత్యవేణి గొంతు తగ్గించి. "గాజుపెంకులు తప్ప ఏం మిగల్లేదు. లేకపోతే ఈ గది నేనెప్పటికి ఖాళీ చేద్దును."

హైమవతి సంచిలోకి తొంగి చూసింది. కూత వినబడకుండా ముందే ఆపింది గాని అంకెలు పైకి పాకుతూనే ఉన్నాయి. మంచం దగ్గరికి వంగినకొద్దీ ఇంకా పెరిగాయి. అప్పుడైనా చెప్పవచ్చు. పావనిని లేపి, భుజం పట్టుకుని బయటికి తీసుకురావచ్చు. ఆమె మాత్రం ఇది పాత రకమైపోయింది పిన్నీ, కొత్తది తెచ్చానని చెప్పి జాడీ మార్చింది. గదికి గాలి ఆడాలని, పావని నాలుగు రోజులు ముందుగదిలో పడుకుంటే మంచిదని, తోచిన సలహా ఏదో ఇస్తున్నట్టు చెప్పింది. బరువు జాడీ ఎత్తుకుని వస్తుంటే సత్యవేణి ముందు నడిచి తలుపు తీసి పట్టుకుంది. ఆటోదాకా వచ్చి, జాగ్రత్తమ్మా, మెట్టుంది అంది.

ఆటోలో ఒళ్ళో ఆ జాడీ పెట్టుకుని వెళుతున్నప్పుడు హైమవతికి గుండె తేలికపడింది. విషం బయటికి వచ్చేసింది, ఎవరికీ తెలియనక్కర్లేదు. అలా తేలికపడినందుకు మిల్లు మెట్లు ఎక్కుతూ తన మీద తనకే అసహ్యం వేసింది. పావని ఒంట్లోకి వెళ్ళింది ఆమె ఒంట్లోనే ఉంది. అది పాదరసమని చెప్పేవాళ్ళు లేకపోతే డాక్టరమ్మ ఇంకో అట్ట కాల్షియం రాస్తుంది. కడుపులో బిడ్డ సంగతి ఆలోచించడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

సత్యవేణి ఆ సంగతి సంతోషంగా మాణిక్యాంబ చెవిన వేసింది. మర్నాడు పొద్దున్న మాణిక్యాంబ వంకాయలు తరుగుతూ, తలెత్తకుండా, నా చేతి ముద్ద వాళ్ళింట్లోంచి ఎందుకు తెచ్చేశావని కూతురిని అడిగింది. పాతదైపోయిందని హైమవతి అంది. అయితే తాను ఇచ్చినవే, శకుంతల ఇంట్లోది, మేడమీది వాళ్ళది, వాళ్ళవి పాతవి కాలేదా అని ఆవిడ మళ్ళీ అడిగింది. కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఆ పిల్ల చేతులు వణకడం దీనివల్లేనా?"

"అవునమ్మా."

తరవాత ఆమె అంతా చెప్పింది. సీసాలు, గంజి, మీటరు, ఫణీంద్ర గారితో అన్న చిన్న మాట. మాణిక్యాంబ తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, అది వేరే ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చుంది. కూతురిని తిట్టలేదు. ఎందుకివ్వకూడదో అప్పుడే ఒక్క ముక్క చెప్పి ఉంటే అని కూడా అనలేదు. ఎవరెవరికి ఇచ్చానో నాకన్నీ గుర్తున్నాయి, ఏలూరు బదిలీ అయి వెళ్ళినవాళ్ళకి కూడా డబ్బాలో పోసిచ్చానే, అంది. వాళ్ళకి ఫోను చేసి కూతురికిచ్చింది. హైమవతి చెప్పవలసింది చెబుతుంటే మాణిక్యాంబ చీర మార్చుకుని వచ్చి చెప్పులు వేసుకుంది.

"ముందు ఆ పిల్ల ఇంటికి పద."

దారిలో హైమవతి ఫణీంద్రకి ఫోను చేసింది. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. జాడీల కోసం బండి పంపిస్తానని, అన్ని మూతలూ గట్టిగా కట్టించమని చెప్పాడు. సమావేశం గురించి మాట్లాడలేదు. ఫోను పెట్టేసే ముందు, మీరు ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేదండి, అన్నాడు. అందులో కోపం లేకపోవడమే ఆమెకి భరించరానిదైంది.

సత్యవేణి వరండాలో పావనికి తల దువ్వుతోంది. నాలుగు రోజులు ముందుగదిలో పడుకోమన్న సలహా వాళ్ళు పాటించలేదని, దోమతెర కట్టడానికి అక్కడ కొక్కేలు లేక వెనకగదిలోనే పడుకుందని అప్పుడు తెలిసింది. సున్నం గోడల గదిలో, మూసిన కిటికీల మధ్య, ఇంకో రాత్రి గడిచిపోయింది.

మాణిక్యాంబ మెట్లెక్కకుండా కిందే నిలబడింది. తాను ఇచ్చిన ముద్ద చెడిపోయిందని, గదిలో విషపు ఆవిరి చేరిందని, పావనిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలని చెప్పింది. చెప్పవలసిన క్రమం ఆవిడకి దొరకలేదు, ముందుది వెనకా వెనకది ముందూ అయిపోయింది. చివరికి అంది.

"తప్పు నాది సత్యవేణీ. ఇవ్వద్దని మా అమ్మాయి చెబుతూనే ఉంది. నేనే వినలేదు. దానికేం తెలీదు."

దువ్వెన పావని జుట్టులోనే ఉండిపోయింది. సత్యవేణి మాణిక్యాంబ వైపు చూడలేదు, హైమవతి వైపు చూసింది. తల్లి వేసిన ఆ కప్పు కింద నిలబడి ఊరుకుంటే సరిపోయేది. నిజమో కాదో ఎవరూ తవ్వి చూడరు. ముసలావిడ తెలియక చేసిందని వీధి నాలుగు రోజులు గొణుక్కుని మరిచిపోతుంది.

"తెలుసు పిన్నీ," అంది హైమవతి. "నెల కిందటే తెలుసు. నిన్న జాడీ మార్చినప్పుడు కూడా తెలిసే మార్చాను."

పావని తల్లి వైపు, హైమవతి వైపు మార్చి మార్చి చూసి, రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది. ఆ చేతులు వణుకుతున్నాయి.

"జాడీ బరువని నేను తలుపు తీసి పట్టుకున్నానే," అంది సత్యవేణి.

ఆవిడ లోపలికి వెళ్ళి కూతురి ఫైలు, తన పర్సు తెచ్చుకుంది. పక్కింటివాళ్ళ కారు పిలిపించింది. హైమవతి వెనక్కి తగ్గి నిలబడితే, ముందు సీటు చూపించి ఎక్కమంది. డాక్టరుకి సరిగ్గా చెప్పగలిగినది నువ్వొక్కదానివే కదా అంది. మామూలుగా పిలిచే అమ్మా అన్న మాట అందులో లేదు.

కారు వీధి చివరికి వచ్చేదాకా హైమవతి పక్క అద్దంలో తల్లిని చూస్తూనే ఉంది. మాణిక్యాంబ శకుంతల ఇంటి గేటు దగ్గర ఆగి తలుపు తడుతోంది. ఆ వీధిలో తోడు అడగడానికి వచ్చేవాళ్ళు ఉన్నారు, ఇచ్చేవాళ్ళు ఉన్నారు. ఇచ్చిన తోడు తిరిగి ఇమ్మని గుమ్మంలో నిలబడిన మనిషి ఇదివరకు లేదు. శకుంతల బయటికి వచ్చింది. మాణిక్యాంబ ఏదో చెబుతూ రెండు చేతులూ జోడించింది. కారు మలుపు తిరిగింది.

ఆస్పత్రిలో పావనిని లోపలికి తీసుకెళ్ళారు. పెద్ద డాక్టరు చేతులు చాపమని వేళ్ళు చూసింది, చిగుళ్ళు చూసింది, రక్తం తీయించింది. హైమవతి తనకు తెలిసినదంతా చెప్పింది. మీటరులో చూసిన అంకె, గది ఎంత ఉంటుందో, ఎన్నాళ్ళుగా ఆ గాలి పీల్చి ఉంటుందో. డాక్టరు కొన్ని మాటలు మళ్ళీ చెప్పించుకుంది. ఆ ఇంట్లోంచి బయటికి తేవడంతో సగం పని అయిందని, తల్లి కోలుకునే అవకాశం బాగానే ఉందని చెప్పింది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. అంతకు మించి బిడ్డ గురించి ఇప్పుడేమీ అనలేనని, పుట్టాక కూడా కొన్నేళ్ళు చూసుకుంటూ ఉండాలని అంది. సత్యవేణి అన్నిటికీ తల ఊపింది.

కేసు కాగితం మీద రాస్తూ డాక్టరు తలెత్తి హైమవతిని చూసింది.

"ఇంత వివరంగా చెబుతున్నారు. మీరు అమ్మాయికి ఏమవుతారు?"

సత్యవేణి అలవాటు కొద్దీ నోరు తెరిచింది. పావని స్కూల్లో, పెళ్ళి పందిట్లో, హైమవతి ఏమవుతుందని ఎవరు అడిగినా ఆవిడ చెప్పే జవాబు ఒకటుంది, మా పెద్దమ్మాయిలాంటిదండి అని. తెరిచిన నోరు అలాగే మూసుకుంది. కిటికీ వైపు తిరిగింది.

"ఏమీ కానండి," అంది హైమవతి. "ఆ జాడీ తయారుచేసింది నేను."

డాక్టరు అదే రాసుకుంది. ఆ తరవాత, బంధువులు కానివాళ్ళు బయట ఉండాలని నర్సు వచ్చి చెప్పింది. హైమవతి లేచి బయటికి వచ్చింది. వెనక తలుపు వేశారు.